వాన కోసం నీలాంబరి

తిరువయ్యారులో కుంభకోణం బస్సెక్కేసరికి మంచి చిరాకు మీద ఉన్నాను. తంజావూరు లాడ్జిలో ఏసీ పనిచేయని గదికి 1800 తీసుకున్నారు. త్యాగయ్య సమాధికి రానుపోను అని మాట్లాడుకున్న ఆటో అతను నన్ను అక్కడ దింపి డబ్బు మొత్తం తీసుకుని వెళ్లిపోయాడు. పైగా మే నెలాఖరు ఎండ. చిన్నప్పటి నుంచి ఊహించుకున్న కావేరిలో చుక్క నీరు లేదు, కనుచూపు మేర ఇసుకే. పైన మేట్టూరు డ్యామ్ గేట్లు జూన్‌లో ఎత్తితేగానీ ఇక్కడికి నీళ్లు రావని ముందే తెలుసుకోవాల్సింది.

సమాధి దగ్గర కూర్చున్న అరగంట మాత్రం బాగుంది. నేను కాక ఇంకో ఇద్దరే ఉన్నారు. ఎదురుగా బెంగళూరు నాగరత్నమ్మగారి విగ్రహం. తన నగలూ ఆస్తీ ఖర్చుపెట్టి త్యాగయ్యకు గుడి కట్టించి, చివరికి ఆయన ఎదుటే ఉండిపోయిన మనిషి. తెలుగునేలకు ఇంత దూరంలో మన పాటకి గుడి ఉందని గుండె నిండిపోయింది. ఆ గర్వంతోనే బస్సెక్కాను.

కిటికీ పక్కన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. తెల్ల పంచె, నుదుటి మీద మూడు వేళ్ల విభూతి, ఒళ్లో గుడ్డసంచి, అందులోంచి పైకి వచ్చిన మునక్కాడలు. చెన్నైలో రెండేళ్లు ఉద్యోగం చేశాను కాబట్టి తమిళం అర్థమవుతుంది, కాస్త మాట్లాడగలను. ఏ ఊరు తంబీ అని అడిగారు. ఒంగోలు అన్నాను. త్యాగరాజస్వామి కోసమా అన్నారు. "అవునయ్యా, మా త్యాగయ్య కదా" అన్నాను.

ఆయన నవ్వారు. "మీ త్యాగయ్యే. పుట్టింది మా తిరువారూరు, తాగింది మా కావేరి నీళ్లు, విన్నది మా గుడి పాటలు. అయినా మీ త్యాగయ్యే తంబీ, కాదనను."

నాకు లోపల చురుక్కుమంది. ఆయన ఓదువార్‌గా చేసి రిటైరయ్యారట. ఓదువార్లంటే శివాలయాల్లో తేవారం పాడేవాళ్లు. సంబందర్, అప్పర్, సుందరర్ అనే ముగ్గురు నాయన్మార్లు, అంటే తమిళ శివభక్తులు, 7, 8 శతాబ్దాల్లో ఊరూరూ తిరిగి, ఏ గుడికి వెళితే ఆ గుడి శివుడి మీద పాడిన పాటలే తేవారం. మా ఒంగోలు వైపు శివాలయాల్లో నమకం చమకం విన్నాను గానీ, పూజలో భాగంగా రోజూ పాట పాడడానికే ఒక ఉద్యోగం ఉండడం నేను చూడలేదు. ఈయన మయిలాడుతురై దగ్గర ధర్మపురం ఆధీనం అనే శైవమఠం వాళ్ల తేవార పాఠశాలలో నేర్చుకున్నారట. ఆ పక్కనే శీర్గాళిలో పుట్టిన సంబందర్ మూడేళ్ల వయసులోనే గుడి కోనేటి గట్టున మొదటి పాట పాడాడని అక్కడి వాళ్ల నమ్మకం.

"ఊరికే చెబితే ఏం తెలుస్తుంది" అని, గొంతు సవరించుకుని మెల్లగా మొదలుపెట్టారు. తాళం లేదు, శ్రుతిపెట్టె లేదు, కింద బస్సు ఇంజను ఒకటే మోత. రెండో పాదానికే నేను పట్టేశాను. మా అమ్మ పెళ్లికి ముందు పదేళ్లు సంగీతం నేర్చుకుంది, ఇంట్లో విని విని నాకూ కొన్ని రాగాలు తెలుసు. కండక్టరు టికెట్లు కొడుతూ మా సీటు దాకా వచ్చి, ఆయన పాడుతుంటే పక్కనే నిలబడి, పాట అయ్యాకే డబ్బులు అడిగాడు.

"ఇది కాంభోజి కదయ్యా" అన్నాను.

"మీకు కాంభోజి. మాకు తక్కేసి."

తేవారం పాటలకు రాగం అనరు, పణ్ అంటారు. ఇరవైకి పైగా పణ్‌లు ఉన్నాయి. పగలు పాడేవి కొన్ని, రాత్రి పాడేవి కొన్ని, ఏ వేళైనా పాడేవి కొన్ని. ఇవాళ ఓదువార్లు పాడే పద్ధతిలో తక్కేసి అంటే కాంభోజి, కౌశికం అంటే భైరవి, పళంపంచురం అంటే శంకరాభరణం. ఇందళం అయితే మాయామాళవగౌళ. సరళీవరసలు మొదలుపెట్టిన ప్రతి పిల్లా ముందుగా పాడే రాగం. పురందరదాసు పెట్టిన పద్ధతి అని అందరం చెప్పుకుంటాం గానీ, ఆ స్వరాలు ఈ గుళ్లలో ఇంకో పేరుతో మోగుతున్నాయని నాకెవరూ చెప్పలేదు.

నేనూ ఊరుకోలేదు. మా అన్నమయ్య 1503లో పోయాడు, త్యాగయ్యకి మూడు వందల ఏళ్ల ముందే పల్లవి, చరణాలతో వేల కీర్తనలు రాశాడు అన్నాను. ఆయన తల ఊపి, శీర్గాళి ముత్తుత్తాండవర్, అరుణాచల కవిరాయర్, తిల్లైవిడంగన్ మారిముత్తాపిళ్లై, ఈ ముగ్గుర్నీ తమిళ మూవర్, అంటే తమిళ త్రయం అంటారు, త్యాగయ్య కీర్తనల కంటే ముందే తమిళంలో కీర్తనలు చేశారు అన్నారు. సరే, స్వరాల సంగతి చూడండి అని వేళ్లు మడిచారు. కురల్, తుత్తం, కైక్కిళై, ఉళై, ఇళి, విళరి, తారం. సప్తస్వరాలకి తమిళ పేర్లు. శిలప్పదికారం అనే పాత తమిళ కావ్యంలో గొల్లపడుచుల నాట్యం దగ్గర ఏడుగురు అమ్మాయిలకి ఈ పేర్లు పెట్టి వరసగా నిలబెడతారట. ఇది అన్నమయ్య కంటే ఎన్నో వందల ఏళ్ల వెనకటి మాట. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి చెప్పారు. తంజావూరు పెద్దగుడిలో తేవారం పాడడానికి రాజరాజచోళుడు 48 మంది గాయకుల్ని, వాళ్లతో వాయించడానికి ఇంకో ఇద్దర్నీ పెట్టాడు. వాళ్ల పేర్లు, ఇచ్చే వడ్ల లెక్క గోడ మీద శాసనంలో ఉన్నాయి. ముందురోజు ఆ గోడల పక్కనే రెండు గంటలు తిరిగాను. గోపురం ఎత్తు చూసి మెడ నొప్పి తెచ్చుకున్నాను గానీ, ఆ రాతల మీద పాటగాళ్ల పేర్లు ఉంటాయన్న ఆలోచనే రాలేదు. తెలిసుంటే ఒక్క పేరైనా చేత్తో తడిమి వచ్చేవాణ్ని. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

పదమూడు వందల ఏళ్లుగా ఒక బాణీ ఏమీ మారకుండా వచ్చిందంటే నేను నమ్మను. మధ్యలో తేవారం తాళపత్రాలు చిదంబరం గుడిలో ఒక గదిలో మూతపడి ఉంటే రాజరాజు తీయించాడని, మరిచిపోయిన పణ్‌లని యాళ్ అనే పాతకాలపు తంత్రీవాద్యం వాయించే వంశంలోని ఒక స్త్రీ చేత కట్టించారని వాళ్ల కథలే చెబుతాయి. తర్వాత కచేరీ సంగీతం గుడి పాట మీద పడి ఉంటుంది, గుడి పాట కచేరీ మీద పడి ఉంటుంది. ఇదే ఆయనతో అంటే, "నిజమే, కావేరి నీళ్లు ఏ వాగువని వేరు చేయగలమా" అన్నారు. కానీ వాగులు లేకుండా నది లేదు కదా అని కూడా అన్నారు. అక్కడ నేను ఒప్పుకున్నాను.

బస్సు ఉమయాళపురం దాటుతుంటే, త్యాగయ్య శిష్యులు ఇక్కడే పాఠం చెప్పారని చెయ్యి చాచి చూపించారు. తెలుగు మాట ఒక్కటీ ఇంట్లో మాట్లాడని వాళ్లు తెలుగు కీర్తనల్ని గుండెలో పెట్టుకుని ఇన్నాళ్లు కాపాడారు. తంజావూరుని తెలుగు నాయకరాజులు ఏలడం, తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగులోనే యక్షగానాలు రాయడం, కంభం దగ్గర కాకర్ల నుంచి వచ్చారని చెప్పుకునే కుటుంబంలో త్యాగయ్య పుట్టడం, ఇవన్నీ కలిసి ఈ సంగీతానికి తెలుగు నోరు వచ్చింది. తమిళులైన శ్యామశాస్త్రిగారు కూడా తెలుగులోనే ఎక్కువ రాశారు.

ఆయన గొంతు మారింది ఇక్కడే. "అదే మా కడుపుమంట తంబీ" అన్నారు. కచేరీలో పెద్ద పాటలన్నీ తెలుగు, సంస్కృతం. తమిళం చివర్లో, జనం కాఫీకి లేచే వేళకి, తుక్కడాగా, అంటే చిన్న పాటగా. 1940ల్లో తిరువయ్యారు ఆరాధనలో దండపాణి దేశికర్ తమిళ పాట పాడితే పెద్ద గొడవైంది. ఆయనదీ ఓదువార్ల సంప్రదాయమే. రాజా అన్నామలై చెట్టియార్ తమిళ ఇసై (తమిళ సంగీత) ఉద్యమం మొదలుపెట్టి, 1943లో మద్రాసులో సంఘం పెట్టింది తమిళాన్ని ఇలా చివరికి నెట్టారన్న కోపంతోనే. నేను స్కూల్లో చదివినప్పుడు అదేదో తెలుగు మీద ద్వేషం అన్నట్టు విన్నాను. సొంత ఊళ్లో, సొంత నది ఒడ్డున, సొంత భాషలో పాడడానికి వేదిక అడగడం ద్వేషం ఎలా అవుతుంది? మన ఊళ్లో మన పాటని చివర పెడితే మనం ఊరుకుంటామా?

ఆయనకి ద్వేషం లేదనడానికి సాక్ష్యం నా పక్కనే కూర్చుంది. పాఠశాలలో త్యాగయ్య కీర్తనలు కూడా నేర్చుకున్నారట. "నలభై ఏళ్లుగా పాడుతున్నా, ఒక మాట సరిగా తెలియలేదు, తెలుగువాళ్లు దొరికితే అడగాలనుకున్నాను" అని అడిగారు. ఆ మాట 'సొగసు'.

అళగు అన్నాను. అది తెలుసు అన్నారు, అళగు అయితే అందం అనే రాసేవాడు కదా, సొగసు ఎందుకు రాశాడు? నేను చాలా తంటాలు పడ్డాను. అందం ఉన్నచోట ఉంటుంది, సొగసు కదిలితే కనిపిస్తుంది అన్నాను. ఆయన కళ్లు మూసుకుని ఆ పాదాన్ని ఒక సంగతిగా, అంటే కొంచెం తిప్పి, మెల్లగా పాడి, "ఆమా, కదలాలి" అన్నారు.

ఒంగోలు అనగానే ఆయనకి షేక్ చినమౌలానాగారు గుర్తొచ్చారు. మా ఊరి పక్కన కరవది నుంచి వచ్చి, తంజావూరు బాణీ నాదస్వరం నేర్చుకుని, శ్రీరంగంలోనే స్థిరపడిన మహానుభావుడు. శ్రీరంగంలో ఆయన వాయిస్తుంటే ఈయన జనంలో నిలబడి విన్నారట. మా తాత కూడా కరవది పెళ్లిళ్లలో ఆ మేళం గురించి కథలుగా చెప్పేవాడు. మా సన్నాయి ఇక్కడికి వచ్చి నేర్చుకుందన్నమాట అంటే, "మా కీర్తన మీ భాష నేర్చుకోలేదా" అన్నారు.

స్వామిమలై దగ్గరపడింది. ఒక్కటి పాడండి, ఫోన్‌లో పెట్టుకుంటాను అన్నాను. మేఘరాగకురింజి ఎత్తుకున్నారు. నాకు ఒళ్లు జలదరించింది. అది నీలాంబరి. మా అమ్మ నన్నూ చెల్లినీ పడుకోబెట్టిన రాగం. జోలకి తప్ప దానికి ఇంకో పని ఉందని నాకు తెలియదు. వానలు పడని ఏడాదిలో గుళ్లలో ఇది పాడిస్తారు తంబీ, మేఘం అనే పేరులోనే ఉంది కదా అన్నారు. ఎండిన కావేరి పక్కన బస్సులో కూర్చుని ఆయన కొంచెం గొంతెత్తి, ఎవరినో పిలుస్తున్నట్టు పాడారు. ముందు సీట్లో పిల్ల వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. స్వామిమలైలో సంచి భుజానికి తగిలించుకుని, ఒక మునక్కాడ నా చేతిలో పెట్టి దిగిపోయారు. పేరు కూడా అడగలేదు.

కుంభకోణంలో మిగిలిన రెండు రోజులు గుళ్లు, డిగ్రీ కాఫీ, మళ్లీ లాడ్జి గొడవ. చెప్పుకోడానికి ఏమీ లేదు. ఒంగోలు చేరిన రాత్రి అమ్మకి ఆ రికార్డింగు పెట్టాను. ఇంజను మోత మధ్యలో ఆయన గొంతు. మొదటి పాదానికే "నీలాంబరి" అంది. కాసేపు విని, ఇంత గట్టిగా ఎందుకు పాడుతున్నాడు, పిల్లలు లేవరూ అంది. వాన కోసం అని చెప్పాను. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, ఫోన్ చెవి దగ్గరికి తీసుకుంది.

"మాట ఒక్కటీ అర్థం కాలేదురా. ఇంకోసారి పెట్టు."