అటక మీద రాజధాని

ఈరోజు ఆదివారం. వారం రోజుల నుంచి వాయిదా వేస్తూ వచ్చిన అటక పని ఇక తప్పలేదు. నిచ్చెన వేసుకొని ఎక్కి, ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే కిందికి అందించాను. వాటి కింద పరిచిన పేపర్ తీసి నలిపేద్దామనుకున్నా గానీ, కంట్లో పడింది హెడ్డింగ్. 2020 జనవరి. కర్నూలు న్యాయ రాజధాని అవుతుందని.

అంతే, అటక మీదనే చతికిలబడి చదవడం మొదలుపెట్టా.

"దులపడానికి ఎక్కినారా, చదువుకోడానికి ఎక్కినారా?" అని కింద నుంచి మా ఆవిడ. చీపురు ఆమె చేతిలోనే ఉంది కాబట్టి జవాబు చెప్పలేదు.

ఆ జనవరిలో మా ఇంట్లో జరిగిన హడావిడి ఏ పేపర్లోనూ రాలేదు. కలెక్టరాఫీసు దగ్గర మా మేనమామకు జిరాక్స్ షాపు ఉంది. హైకోర్టు అంటే కాగితాలు, కాగితాలంటే జిరాక్సులు, ఇదీ ఆయన లెక్క. వారం తిరగకుండానే అప్పు చేసి రెండో మిషన్ తెచ్చాడు. జగన్నాథగట్టు మీద కోర్టు కడతారని మాట పుట్టేసరికి, ఆ పక్కన రెండున్నర సెంట్లున్న మా నాయన నడకే మారిపోయింది. ఎవరైనా రేటు అడిగితే "ఇప్పుడు అమ్మేది లేదు" అని, వాళ్లు అడగకపోతే తనే ఆపి మరీ చెప్పేవాడు. మా ఆవిడ మేడ మీద రెండు గదులేసి అడ్వకేట్లకు మెస్ పెడదామంది. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం మళ్లీ ఉగ్గాని బజ్జీ. వాయిదా పడిన కేసులవాళ్లకు రేటు తగ్గించాలా వద్దా అని మేమిద్దరం ఒక రాత్రంతా వాదించుకున్నాం కూడా.

2021 నవంబర్‌లో ఆ మూడు రాజధానుల చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. నాయన మామూలు నడకకు వచ్చేశాడు. మామ రెండో మిషన్ మీద వక్కాకు పొట్లాలు పెట్టుకుంటున్నాడు.

అయితే మాకిది మొదటిసారి కాదు. 1953 అక్టోబర్ 1న నెహ్రూ వచ్చి ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించింది మా ఊళ్లోనే. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. ఊరేమో చిన్నది, ఆఫీసులేమో పెద్దవి, చాలావాటిని గుడారాల్లోనే నడిపారు. ఉద్యోగుల కోసం వేసిన కాలనీలే ఇప్పటి ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు. రాజధాని పోయి డెబ్భై ఏళ్లవుతున్నా మేమింకా "సి క్యాంపుకు పోయి కూరగాయలు తేపో" అంటూనే ఉన్నాం.

పాతబస్తీ ఇంట్లో మా అవ్వ ముందు గదిని మద్రాసు నుంచి వచ్చిన ఒక గుమాస్తాకు 15 రూపాయలకు అద్దెకిచ్చింది. ఆయన వల్లనే మా ఇంట్లోకి ఫిల్టర్ కాఫీ వచ్చింది. వచ్చే ఏడు బాడుగ 20 చేస్తానని అవ్వ, రాజధాని ఊరికి ఇదే తక్కువని తాత, లెక్కలు కట్టుకుంటుండగానే 1956 నవంబర్ 1 వచ్చింది. అద్దె ఇల్లు ఖాళీ చేసినంత తేలిగ్గా రాజధాని సామాన్లు సర్దుకుని హైదరాబాదుకు పోయింది. గుమాస్తా తన ఇత్తడి ఫిల్టర్ అవ్వకిచ్చి పోయాడు. మరుసటి ఏడాది ఊరికి మెడికల్ కాలేజీ వచ్చింది గానీ, అవ్వకు మాత్రం డాక్టర్లెవరూ అద్దెకు రాలేదు. ఆ బాడుగ రసీదులు 2009 అక్టోబర్ వరదలో పోయాయి. ఫిల్టర్‌ను బురద కడిగి వాడుకున్నాం.

అటక మీద కూర్చుని, రాజధాని పోకుండా ఉండుంటే ఎట్లుండేదో అనుకున్నా. తుంగభద్ర అవతల అలంపురం మాకు సికింద్రాబాదయ్యేది. ఓర్వకల్లు రాళ్లగుట్టల మీద సినిమావాళ్ల బంగళాలు. కొండారెడ్డి బురుజు కింద మెట్రో స్టేషన్, దానికోసం పదేళ్లుగా తవ్వుతున్న గుంతలు. రాజ్‌విహార్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని మా పిల్లలు "హైదరాబాదా? బిర్యానీ బాగుంటుందంట, ఒకసారి పోవాల" అనుకునేవాళ్లు. మే నెల ఎండకు మాత్రం మంత్రులెవ్వరూ నిలిచేవాళ్లు కాదు. వేసవి సమావేశాలన్నీ శ్రీశైలంలో పెట్టేవాళ్లు. ఇక మా నాయన రెండున్నర సెంట్లు... ఏముంది, అమ్మడు. ఇంకా పెరుగుతుందనే ఉండేవాడు.

అన్నిటికంటే గుమాస్తా గురించి ఎక్కువ ఆలోచించా. ఆయన ఇక్కడే ఉండిపోయి ఉంటే అవ్వ 20 రూపాయలు అడిగి ఉండేది, ఆయన కోపం వచ్చి ఖాళీ చేసేవాడు, ఫిల్టర్ కూడా తీసుకుపోయేవాడు. మా ఇంట్లో ఇప్పటికీ టీనే తాగేవాళ్లం.

"ఇంకా దిగరా?" అని మళ్లీ కేక. దిగాను. పేపర్ మాత్రం పారేయలేదు, మడిచి తీసిన చోటే పెట్టా. పైన బిందెలు పెట్టాలి గదా.

కాఫీ తాగుతుంటే మామ ఫోన్.

"ఏమప్పా, హైకోర్టు బెంచీ సంగతి ఏమన్నా తెలిసిందా?"

కర్నూలులో బెంచీ పెట్టాలని అసెంబ్లీ తీర్మానం చేసింది 2024 నవంబర్‌లో. అప్పటి నుంచి వారానికొకసారి ఇదే ప్రశ్న.

"రాజధాని అన్నారు, కోర్టు అన్నారు, ఇప్పుడు బెంచీ మామా. ఇంక మిగిలింది కుర్చీనే" అన్నా.

"కుర్చీ అయితే ఏమిరా, దానికీ అర్జీ పెట్టాల్సిందే గదా? మూడు కాపీలు." కాసేపు ఆగి, "సరే, మిషన్ మీద వక్కాకు తీసేస్తాలే" అని పెట్టేశాడు.