మా పెట్టకు అమ్మవారు పోసింది

మా నాటు పెట్టకు మొదట జుట్టు మీద ఆవగింజంత తెల్లటి పొక్కులు లేచాయి. చూస్తుండగానే అవి ముదిరి, నల్లగా చెక్కు కట్టి, తమ్మెలకూ కనురెప్పలకూ పాకాయి. ఇది కోళ్ల మశూచి. వైరస్ జబ్బు. దోమ కుట్టి ఒక కోడి నుంచి మరో కోడికి మోస్తుంది, పొడుచుకున్న గాయాల్లోంచీ అంటుతుంది. మనుషులకు రాదు. వైరస్‌ను చంపే మందంటూ లేదు. పొక్కులు 3, 4 వారాల్లో వాటంతటవే ఎండి రాలిపోతాయి. మరి కోడి ఎందుకు చస్తుందంటే, చాలాసార్లు ఆకలికే. రెప్పలు అతుక్కుపోయాక దానికి గింజా కనబడదు, నీళ్ల మూకుడూ కనబడదు. అది తినలేని ఆ కొద్ది రోజులు కడుపు నింపడమే అసలు వైద్యం.

మా పెట్ట ఆకుపచ్చగా రెట్ట వేస్తోందని చూసి ఇంట్లో కొక్కెర తెగులే (రాణీఖేత్ అనే మరో వైరస్ జబ్బు) అన్నారు. కొక్కెరలో ఆకుపచ్చ పారుడుంటుంది, నిజమే. కానీ మేత లేని కోడి కూడా పైత్యరసం కలిసి పచ్చగానే వేస్తుంది. దీనికి మెడ మెలిపడలేదు, రెక్కలు వాలలేదు, మిగతా కోళ్లు బాగున్నాయి. మేత పడ్డాక రెట్ట గోధుమరంగుకు తిరిగి, కొసన తెల్లటి సున్నం మళ్లీ కనబడింది. అదే ఒకేసారి నాలుగైదు కోళ్లు చనిపోతుంటే మాత్రం వట్టి చేతులతో ముట్టుకోకుండా పశువైద్యశాలకు కబురు పెట్టాలి.

ముందు ముక్కు తెరిచి నోట్లోకి చూడాలి. నాలుక మీదా అంగిట్లోనూ పసుపుపచ్చ పొర ఉంటే జబ్బు లోపలికి దిగినట్టే. గాలిగొట్టం మూతి దగ్గర అది కడితే కోడి మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. అప్పుడు ఇంటి వైద్యం పనికిరాదు, డాక్టరు చూడాల్సిందే. ఆ పొరను గోటితో పీకితే రక్తం కారి ఊపిరాడకుండా పోతుంది. మా దానికి నోరు శుభ్రంగా ఉంది గనుక ఇంట్లోనే గంప కింద ఉంచి, గంప మీద దోమతెర కప్పాం. మంద నుంచి వేరు చేయడం అంటుకోకుండా ఉండడానికే కాదు. తోటి కోళ్లు ఆ పొక్కుల్నే గురి చూసి పొడుస్తాయి.

కళ్ల పనికి ఓపిక కావాలి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాతో చెంచాన్నర. ఆ నీటిని గోరువెచ్చగా చేసి, దూది ముంచి, రెప్ప మీద 5 నిమిషాలు అలాగే ఆనించి పట్టుకోవాలి. కోడిని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుంటే రెక్కలు కొట్టుకోదు. చెక్కు నానితే రెప్పల మధ్య సన్నటి చీలిక కనబడుతుంది, లోపలి మూల నుంచి జున్నుముక్కలాంటి తెల్లటి చీము జారుతుంది. జారినంతే తుడవాలి, మిగతాది సాయంత్రానికి. తర్వాత డాక్టరు రాసిన యాంటీబయాటిక్ కంటి ఆయింట్‌మెంట్. ఇంట్లో మిగిలిన కంటిచుక్కల్లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉంటే వేయకూడదు. కంటిగుడ్డు మీద పుండు ఉంటే అది ఇంకా ముదురుతుంది. జుట్టు మీది పొక్కులకు పోవిడోన్ అయోడిన్ ఇయర్‌బడ్‌తో అద్దితే చాలు. వేపాకు, పసుపు నూరి పూసినా తప్పులేదు, ఈగలు వాలవు, కానీ కంటి దరిదాపుల్లో వద్దు. కిరోసిన్, ఇంజనాయిలు పూసేవాళ్లున్నారు, అవి చర్మాన్ని కాల్చడం తప్ప చేసేదేమీ లేదు.

ఇక మేత. కిలోన్నర పెట్ట మామూలుగా రోజుకు 80 నుంచి 100 గ్రాముల దాణా తింటుంది. దాణా నానబెట్టి, ఉడికిన గుడ్డుసొన, కాస్త మునగాకు పొడి కలిపి శనగగింజంత ఉండలు చేస్తాను. ముక్కు తెరిచి నాలుక వెనక్కి ఒక ఉండ పెట్టి, మింగేదాకా ఆగి, అప్పుడు రెండోది. మెడ కింద మేత సంచి నిమ్మకాయంత ఉబ్బితే ఆ పూటకు చాలు. రోజుకు 4 పూటలు. తెల్లవారేసరికి ఆ సంచి ఖాళీ అయి ఉండాలి. ఇంకా నిండుగా ఉన్నా, పులిసిన వాసన వచ్చినా మేత ఆపి నీళ్లతోనే ఉంచి డాక్టరుకు చూపించాలి.

నీళ్లను నోట్లో పోయడమంత ప్రమాదం ఇంకోటి లేదు. గాలిగొట్టం నాలుక వెనకాలే తెరుచుకుని ఉంటుంది, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు కొసను నీళ్ల గిన్నెలో ఆనిస్తే కళ్లు కనబడకపోయినా కోడి తానే ముంచి తల ఎత్తి తాగుతుంది. తాగకపోతే ముక్కు పక్కన ఒక్కో చుక్క. మొదటిరోజు గ్లాసు నీళ్లకు 2 చెంచాల పంచదార కలిపితే కాస్త ఓపిక వస్తుంది.

పొద్దున్నే, మేత పెట్టకముందే, సంచిలో కూర్చోబెట్టి స్ప్రింగ్ త్రాసుతో తూస్తాం. బరువు నిలిచిందంటే గట్టున పడ్డట్టే. ఒక కన్ను తెరుచుకున్నాక పెట్ట తనే గింజ ఏరుకోవడం మొదలుపెట్టింది, ముందు గురి తప్పి నేలను పొడిచేది. చెక్కులు గిల్లకూడదు. రాలినవాటిని ఏరి కాల్చేయాలి, ఎండిన చెక్కులో వైరస్ నెలల తరబడి బతికుంటుంది. అన్నీ రాలాకే, చీకటి పడ్డాక, మిగతావి గూట్లో సర్దుకున్న తర్వాత దీన్నీ లోపల కూర్చోబెట్టాలి. డాక్టరు యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో కూడా ఆయన్నే అడగాలి.

పొక్కులు లేని కోళ్లకు టీకా వెంటనే వేయించాం. రెక్క పొరలో రెండు ముళ్ల సూదితో గుచ్చుతారు, 7 నుంచి 10 రోజులకు అక్కడ చిన్న బుడిపె లేస్తే పట్టినట్టు, లేవకపోతే మళ్లీ వేయాలి. కోడిపిల్లలకు 6 నుంచి 8 వారాల వయసులో వేయిస్తే సరి. సీసా ఒకటి వందల కోళ్లకు సరిపోతుంది, కలిపాక ఆ పూటే వాడేయాలి. అందుకే వీధిలో కోళ్లున్నవాళ్లందరినీ కూడగట్టి ఒకే రోజు పెట్టుకోవడం మేలు.