పక్షుల కోసం బైనాక్యులర్ కొనేవారు ముందుగా చూడవలసిన అంకె

పక్షులను చూడడానికి బైనాక్యులర్ కొనాలనుకునేవారిలో ఎక్కువమంది మొదట అడిగేది ఎనిమిది రెట్లదా, పది రెట్లదా అని. అది అడగవలసిన ప్రశ్నే గానీ, నేను మాత్రం ముందుగా ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే ఒకేసారి కనిపించే దృశ్యపు వెడల్పు, ఎంత ఉందో చూస్తాను. కళ్లకు ఆనించిన క్షణంలో పక్షి అందులో లేకపోతే, అది ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపించేదన్న మాటకు అర్థమే ఉండదు. చాలా ఖరీదైన వాటిలో విశాలమైన దృశ్యం, అంచుల దాకా స్పష్టత, కళ్లద్దాలవారికి సౌకర్యం మూడూ కలిసి దొరకవచ్చు. మధ్యస్థ ధరలో సాధారణంగా ఏదో ఒకటి వదులుకోక తప్పదు కాబట్టి, మనకు ఏది లేకపోయినా సాగుతుందో ముందే తేల్చుకోవాలి.

ఒకే సంస్థ తయారుచేసే రెండు నమూనాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయం బాగా అర్థమవుతుంది. నికాన్ మోనార్క్ ఎం5, మోనార్క్ ఎం7 రెండింటిలోనూ 8×42 ఉంది. రెండూ ఎనిమిది రెట్లే, రెండింటి ముందు కటకమూ 42 మిల్లీమీటర్లే. అయితే ఎం5 ఫీల్డ్ ఆఫ్ వ్యూ 6.4 డిగ్రీలు, ఎం7 ది 8.3 డిగ్రీలు. అంటే 1000 మీటర్ల దూరంలో మొదటిదానిలో 112 మీటర్ల వెడల్పు, రెండవదానిలో 145 మీటర్ల వెడల్పు కనిపిస్తాయి. పక్షిని అంత దూరాన ఎవరూ చూడరు కాబట్టి పది మీటర్ల దూరంలోని పొదకు లెక్క వేసుకుందాం. అక్కడ ఎం5 లో కనిపించేది సుమారు మీటరుంబావు లోపే, ఎం7 లో దాదాపు మీటరున్నర. దృశ్యం గుండ్రంగా ఉంటుంది కాబట్టి వైశాల్యం పరంగా చూస్తే తేడా ఇంకా పెద్దది: రెండవదానిలో సుమారు 68 శాతం ఎక్కువ ఆకులూ కొమ్మలూ ఒకేసారి కంటికి అందుతాయి. ఆకుల గుబురులో కొమ్మ నుంచి కొమ్మకు దూకుతూ ఒక్కచోట నిలవని చిన్న పిట్టను వెతికేటప్పుడు ఈ అదనపు వైశాల్యం విలువ తెలుస్తుంది. ఎక్కడో ఒక పక్కన ఆకు కదలడం కనిపిస్తుంది, చేయి కొద్దిగా తిప్పితే పిట్ట మధ్యలోకి వస్తుంది. ఇరుకైన దానిలో ఆ ఆకు కదలిక మన దృష్టికే రాదు.

ఈ అంకెలను పోల్చేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం. కొందరు తయారీదారులు 1000 గజాల దూరంలో ఎన్ని అడుగులో చెబుతారు. ఆ సంఖ్యను మూడుతో భాగిస్తే 1000 మీటర్లకు ఎన్ని మీటర్లో వస్తుంది. మీటర్లను 17.5 తో భాగిస్తే డిగ్రీలు వస్తాయి. పెట్టె మీద ‘వైడ్ యాంగిల్’ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే ఆ పేరు బైనాక్యులర్‌లో చూసినప్పుడు దృశ్యం ఎంత వెడల్పుగా తోస్తుందో చెప్పే కోణాన్ని బట్టి పెడతారు, ఆ కోణాన్ని లెక్కగట్టడానికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. డిగ్రీలను రెట్లతో నేరుగా గుణిస్తే ఎం7 కు 66.4 వస్తుంది, ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణంలోని సూత్రం ప్రకారం గణిస్తే అదే బైనాక్యులర్‌కు 60.3 మాత్రమే వస్తుంది. ఒక సంస్థ ఒక పద్ధతిని, మరొక సంస్థ ఇంకొక పద్ధతిని వాడితే తక్కువైనది ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. అందుకే నేను అసలు ఫీల్డ్ ఆఫ్ వ్యూ డిగ్రీలనే పోల్చుకుంటాను.

ఇక అంచుల సంగతి. దృశ్యం విశాలమయ్యే కొద్దీ అంచుల దాకా స్పష్టంగా ఉంచడం కష్టమవుతుంది. దానికి కంటివైపు అదనపు కటకాలు కావాలి, అవి ధరను పెంచుతాయి. కాబట్టి మధ్యస్థ ధరలోని విశాలమైన బైనాక్యులర్లలో అంచుల దగ్గర కొంత మసక ఉండడం మామూలే. దానిని పెద్ద లోపంగా ఎంచి ఇరుకైన దానివైపు మొగ్గేవారిని చూశాను గానీ, ఆ నిర్ణయంతో నేను ఏకీభవించను. మన కంటి చూపు కూడా నడిమి భాగంలోనే వివరాలను పట్టుకుంటుంది, చుట్టుపక్కల భాగం ప్రధానంగా కదలికను గుర్తిస్తుంది. బైనాక్యులర్ అంచు ఆ పని చేస్తే చాలు, ఈకల మీది గీతలు చూడడానికి పక్షిని ఎలాగూ మధ్యలోకి తెచ్చుకుంటాం. అయితే మసక ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలి. దూరంగా ఉన్న నిలువు స్తంభాన్ని మధ్యలో ఫోకస్ చేసి, బైనాక్యులర్‌ను నెమ్మదిగా పక్కకు తిప్పుతూ ఆ స్తంభాన్ని అంచు దాకా జరపండి. కేంద్రం నుంచి అంచుకు ఉన్న దూరంలో మూడింట రెండు వంతులు దాటేవరకు గీత పదునుగా ఉంటే నా దృష్టిలో అది మంచి బైనాక్యులరే. మసకబారిన చోట ఫోకస్ చక్రాన్ని కొద్దిగా తిప్పగానే స్తంభం మళ్లీ స్పష్టమైతే అది ఫోకస్ తలం వంపు వల్ల, అంటే మధ్యభాగమూ అంచూ ఒకేసారి ఫోకస్‌లోకి రాకపోవడం వల్ల, వచ్చిన మసక, దానికి అలవాటు పడవచ్చు. ఎంత తిప్పినా తేరుకోకపోతే అది వేరే దోషం, అలాంటిది సగం దూరంలోనే మొదలైతే నేను దానిని తీసుకోను. మధ్యభాగపు పదును విషయంలో మాత్రం రాజీ పనికిరాదు.

కళ్లద్దాలు పెట్టుకునేవారు అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఐ రిలీఫ్ మీద. కన్ను కటకానికి ఎంత దూరంలో ఉన్నా మొత్తం దృశ్యం కనిపిస్తుందో చెప్పే కొలత అది. పైన చెప్పిన ఎం5 లో అది 19.5 మిల్లీమీటర్లు, ఎం7 లో 17.1. అదే ఎం7 శ్రేణిలోని 8×30 లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ అంతే ఉన్నా ఐ రిలీఫ్ 15.1 కి దిగుతుంది. నికాన్ ఇ2 అనే 8×30 పోర్రో ప్రిజమ్ నమూనా (ముందు కటకాలు కంటి కటకాల కన్నా ఎడంగా ఉండే పాతకాలపు ఆకారం) 8.8 డిగ్రీలు చూపిస్తుంది గానీ దాని ఐ రిలీఫ్ 13.8 మాత్రమే, పైగా దానికి వానను తట్టుకునే రక్షణ లేదు. కళ్లద్దాలతో చూసేవారికి ఐ రిలీఫ్ చాలకపోతే అంచులు కత్తిరించినట్టు పోతాయి, అప్పుడు డబ్బు పెట్టి కొన్న డిగ్రీలు కంటికి చేరవు. కళ్లద్దాలతోనే, ఐ కప్పులను (కంటికి ఆనే అంచులను) పూర్తిగా కిందికి దించి, దృశ్యం చుట్టూ ఉన్న నల్లని వలయం నిండుగా కనిపిస్తోందో లేదో చూసి తీరాలి. కళ్లద్దాలు లేనివారికి దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది రావచ్చు: ఐ కప్పులు పొట్టిగా ఉంటే కన్ను మరీ దగ్గరకు వెళ్లి, దృశ్యంలో నల్లని నీడలు అడ్డుపడుతుంటాయి.

పది రెట్లవి వద్దని నేను అనను. ఎం7 10×42 ఫీల్డ్ ఆఫ్ వ్యూ 6.9 డిగ్రీలు, అంటే ఎనిమిది రెట్ల ఎం5 కన్నా విశాలమే. చెరువుల మీద, మైదానాల్లో దూరపు పక్షులను చూసేవారికి అది సరైన ఎంపిక కావచ్చు. కానీ చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది. కంటిలోకి వచ్చే కాంతి వలయం 4.2 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. 8×42 లో అది 5.25. తెల్లవారుజామున చెట్ల నీడలో తిరిగేవారికి ఈ తేడా తెలుస్తుంది. అడవుల్లో, పొదల దగ్గర చూసేవారు దీనికి అవతలి దిక్కుకు వెళ్లి కోవా బీడీ2 6.5×32 ను కూడా పరిశీలించవచ్చు. అది పది డిగ్రీలు చూపిస్తుంది, చేతిలో ఎంతో నిలకడగా ఉంటుంది.

ఈడీ గాజు (రంగుల అంచులను తగ్గించేది), లోపలి ప్రిజమ్‌ల మీద వెలుగును పెంచే డైఎలక్ట్రిక్ పూత, పదును పెంచే ఫేజ్ పూత, నీటి రక్షణ మధ్యస్థ ధరలో ఇప్పుడు చాలావాటిలో దొరుకుతున్నాయి కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పను. మబ్బు పట్టిన ఆకాశం ముందున్న ఎండుకొమ్మను చూసి, మధ్యభాగంలో దాని అంచున ఊదా, ఆకుపచ్చ రంగులు ఎంత కనిపిస్తున్నాయో గమనిస్తే గాజు నాణ్యత తెలిసిపోతుంది.

మరొక పరీక్షను మాత్రం వదలకండి. బైనాక్యులర్‌ను కళ్లకు పెట్టుకుని చెట్ల వరుస వెంట అడ్డంగా, ఎగిరే పక్షిని వెంబడించినట్టు కొంతసేపు తిప్పండి. కొన్నిటిలో దృశ్యం గోళం మీద దొర్లుతున్నట్టు అనిపిస్తుంది, కొందరికి దానివల్ల తల తిరుగుతుంది. దృశ్యం విశాలమైనదైతే ఇది మరింత ప్రస్ఫుటంగా తోచవచ్చు. ఒకరికి ఏమీ అనిపించనిది మరొకరికి భరించరానిదిగా ఉంటుంది, కదలకుండా ఒకేచోట చూసినంతసేపూ అది బయటపడదు కూడా.