ఆదాయపు పన్నులో పాత విధానమా, కొత్తదా: మినహాయింపుల లెక్క వేసి చూద్దాం

జనవరి వచ్చిందంటే ఆఫీసుల్లో పెట్టుబడి రుజువుల హడావిడి మొదలవుతుంది. ‘పన్ను మిగలాలంటే వెంటనే ఒక పాలసీ కట్టేయండి’ అని సలహా ఇచ్చేవారికి ఆ రోజుల్లో కొదవ ఉండదు. అయితే మినహాయింపు వల్ల తగ్గేది పన్ను పడే ఆదాయమే. జీవిత బీమా, పీఎఫ్ వంటి పొదుపులకు మినహాయింపునిచ్చే 80సి సెక్షన్ కింద లక్షన్నర రూపాయలు పొదుపు చేసినా, 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో (పన్ను మీద వేసే 4 శాతం అదనపు వసూలు) కలిపి మిగిలేది 46,800 రూపాయలు మాత్రమే. అదీ మినహాయింపులు ఎక్కువగా ఉండే పాత పన్ను విధానాన్ని ఎంచుకుంటేనే. కొత్త విధానంలో 80సి ఊసే లేదు.

హైదరాబాద్‌లో 2025-26 ఆర్థిక సంవత్సరంలో 15 లక్షల జీతం తీసుకున్న ఉద్యోగిని ఊహించుకుందాం. నెలకు మూలవేతనం 60,000, ఇంటి అద్దె భత్యం 24,000, ఆయన కట్టే అద్దె 20,000 రూపాయలు. అద్దె మొత్తానికీ మినహాయింపు వస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, చట్టం మూడు అంకెలను పోల్చి అన్నింటిలోకీ తక్కువదాన్నే అనుమతిస్తుంది: అందుకున్న భత్యం 2,88,000; మూలవేతనంలో 40 శాతం, అదీ 2,88,000; కట్టిన అద్దెలోంచి మూలవేతనంలో పదో వంతు తీసేస్తే మిగిలే 1,68,000. కనుక ఆయనకు దక్కేది 1,68,000. (హైదరాబాద్ ఎంత పెరిగినా, 2025-26 లెక్కలో 40కి బదులు 50 శాతం వర్తించే ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైల సరసన దానికి చోటు దక్కలేదు.) అద్దె ఏడాదికి లక్ష దాటింది కాబట్టి ఇంటి యజమాని పాన్ నంబరు కూడా ఇవ్వాలి, అసలు పేచీ తరచుగా అక్కడే వస్తుంది.

పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ (రసీదులు లేకుండానే ఉద్యోగులందరి జీతం నుంచి తీసేసే మొత్తం) 50,000, 80సి కింద 1,50,000, ఆరోగ్య బీమాకు 25,000, పైన చెప్పిన అద్దె మినహాయింపు తీసేస్తే పన్ను పడే ఆదాయం 11,07,000. సెస్సుతో పన్ను 1,50,384. కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కటే తీసి, 14,25,000 మీద 2025-26 శ్లాబుల ప్రకారం లెక్క కడితే 97,500. ఇన్ని రసీదులు పోగుచేసినా పాత విధానంలో దాదాపు 53 వేలు ఎక్కువే కట్టాలి. ఇక జీతం 12,75,000 దాటనివారికి కొత్త విధానంలో రిబేటు (పన్ను మాఫీ) వల్ల పన్నే ఉండదు కనుక, పన్ను కోసమే పాలసీ కొనడం నా దృష్టిలో దండగ.

ఇంటి రుణంపై 2 లక్షల దాకా వడ్డీ, వృద్ధులైన తల్లిదండ్రుల బీమాకు 50,000 వంటివి కూడా కలిసొచ్చేవారు మాత్రం లెక్క వేయకుండా పాత విధానాన్ని వదులుకోకూడదు. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగులు, ఆఫీసులో ఏ విధానం చెప్పినా, రిటర్నును గడువులోగా దాఖలు చేసేటప్పుడు మార్చుకోవచ్చు. గడువు దాటితే కొత్త విధానమే గతి.