లారీ తగిలిన పిల్లరులో ఏటవాలు పగులు

కిందటి నెల కర్నూలులో, కల్లూరు వైపు కడుతున్న ఒక ఇంటిని చూడమని నన్ను పిలిచారు. బేతంచెర్ల బండలు దించడానికి వచ్చిన లారీ వెనక్కి వస్తూ, పార్కింగు మూలనున్న పిల్లరును నేల నుంచి మీటరు ఎత్తులో గుద్దింది. "పైపైన పగిలింది సార్, ప్లాస్టరింగులో కలిసిపోతాది" అన్నాడు మేస్త్రీ. తగిలినచోట పెచ్చు ఊడిన మాట నిజమే గాని, నన్ను కలవరపెట్టింది ఆ పెచ్చు కాదు. అక్కడి నుంచి పిల్లరు పాదం వైపు ఏటవాలుగా దిగిన వెంట్రుకవాసి పగులు. ముందు బీము కింద జాకీలు బిగించమని, ఆ తర్వాతే మాట్లాడదామని చెప్పాను.

బండి నెమ్మదిగానే వచ్చిందని డ్రైవరు అన్నాడు, నేనూ నమ్ముతున్నాను. అయితే 16 టన్నుల బండి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వచ్చి 5 సెంటీమీటర్లలో ఆగిపోతే, ఆ ఆపే బలం సగటున 30 టన్నులు దాటుతుంది. వేగం రెండింతలై, అంతే దూరంలో ఆగితే ఆ బలం నాలుగింతలవుతుంది. ఆ పిల్లరు కొలత 230×300 మిల్లీమీటర్లు. అందులో నిలువు చువ్వలను చుట్టి ఉండే 8 మిల్లీమీటర్ల ఇనుప రింగులను 190 మిల్లీమీటర్ల ఎడంలో కట్టారు. ఎం20 రకం కాంక్రీటుతో లెక్క వేస్తే, అడ్డంగా కోసే బలాన్ని, అంటే షియర్‌ను, అది తట్టుకోగలదని డిజైనులో నమ్మదగినది సుమారు 8 టన్నులే. పైగా రెండు కొసలూ బిగిసి ఉన్న మూడు మీటర్ల పిల్లరుకు కింది నుంచి మీటరు ఎత్తులో దెబ్బ తగిలితే, ఆ బలంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పాదం వైపే పోతుంది, పైకి వెళ్లేది ఒక వంతే.

ఇంకొక సంగతి ఉంది, నాకు ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే. బలాన్ని మెల్లగా పెంచుకుంటూ పోతే పిల్లరు మొత్తం వంగుతుంది, చువ్వలు సాగుతాయి, పగుళ్లు అడ్డంగా పడి ముందే హెచ్చరిస్తాయి. హఠాత్తుగా దెబ్బ తగిలినప్పుడు మాత్రం మొదటి కొన్ని మిల్లీసెకన్లలో దూరపు భాగం తన బరువు వల్ల కదలకుండా నిలిచిపోతుంది. అందుచేత వంగవలసిన పొడవు కుదించుకుపోయి, తగిలినచోటికి దగ్గరలోనే షియర్ పేరుకుని, ఆ ముక్కను మేకులా అవతలికి నెట్టినట్టు రెండు పక్కలా ఏటవాలు పగుళ్లు పుడతాయి. వేగంగా పడే బలానికి కాంక్రీటూ ఇనుమూ కొంత ఎక్కువ బలం చూపే మాట వాస్తవమే. అయినా పిల్లరు సాగి తట్టుకునే తీరు వదిలి పెళుసుగా తెగే తీరుకు మారితే, ఆ అదనపు బలం అక్కరకు రాదు. పై అంతస్తుల బరువు మితంగా ఉంటే షియర్‌కు కొంత మేలే చేస్తుంది గాని, పగులు విచ్చుకున్నాక అదే బరువు రింగుల మధ్య చువ్వలను బయటికి వంచేస్తుంది.

2016 నాటి భూకంప ప్రమాణం కర్నూలును రెండో మండలంలో, అంటే ప్రమాదం అన్నిటికంటే తక్కువున్న మండలంలో ఉంచింది. రింగులను దగ్గర దగ్గరగా కట్టాలనే ఐఎస్ 13920 (అదే ఏటి మరో భారతీయ ప్రమాణం) నిబంధనలు మూడో మండలం నుంచే తప్పనిసరి కాబట్టి, ఇక్కడ వాటిని ఎవరూ అడగరు. లారీకి ఈ మండలాలతో పని లేదు. రోడ్డు పక్కన నిలిచే వంతెన స్తంభాలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ బండి వచ్చే దిశలో 100 టన్నులు, దానికి అడ్డంగా 50 టన్నుల తాకిడి లెక్క వేయమంటుంది. ఇంటి పిల్లరుకు అంత అవసరం లేదు, ఆ ఖర్చు ఎవరూ భరించలేరు కూడా. బండి తిరిగే వైపున్న పిల్లర్లకైనా పాదం నుంచి ఒకటిన్నర మీటరు వరకు రింగులను 100 మిల్లీమీటర్లకు మించని ఎడంలో, ఆ రింగుల కొసలను 135 డిగ్రీలు లోపలికి వంచి కట్టించండని బతిమాలుతున్నాను. కొసలను 90 డిగ్రీలకే వంచి వదిలేస్తే పెచ్చు ఊడగానే రింగు తెరుచుకుంటుంది. ఈ ఇంట్లో సరిగ్గా అదే జరిగింది.

ఇంటాయన మొదట ఖర్చుకు జంకినా, ఊడిన పెచ్చు వెనక తెరుచుకున్న రింగును కళ్లారా చూశాక ఒప్పుకున్నారు. పాత కాంక్రీటును గరుకుగా చెక్కి, కొత్త చువ్వలను పునాదిలో నాటి, నాలుగు వైపులా 100 మిల్లీమీటర్ల మందాన జాకెట్, అంటే కొత్త కాంక్రీటు తొడుగు, పోయించాం. మా పల్లెల్లో ఎద్దులబండి ఇరుసు గోడకు తగలకుండా ఇంటి మూలన రాయి పాతేవారు. ఆ పద్ధతిలోనే గేటు వైపు పిల్లర్ల ముందు, వాటికి అంటకుండా జానెడు ఎడం వదిలి, రెండు గట్టి రాళ్లు పాతించమని చెప్పాను. ఒకటి పాతారు, రెండోదానికి గుంత తవ్వి ఉంది.