ఎదిగిపోయిన కంపెనీ, పది కిలోల కాలాజీర

పొద్దున్న షాపు తెరిచేసరికే మేనల్లుడి ఫోను. విశాఖలో ఎంబీఏ చదువుతున్నాడు. "మావయ్యా, బాగా ఎదిగిపోయిన ఎయిర్‌లైన్ ఆపైన ఎలా ఎదగాలో రాయమన్నారు. నువ్వు టికెట్లు కొడతావు కదా, ఏదైనా చెప్పు" అన్నాడు. ఒడిశా జయపురంలో కూర్చున్న నన్ను అడుగుతున్నాడంటే గడువు మీద పడిందన్నమాట.

వాళ్ల మాస్టారు ఇచ్చింది, కంపెనీలు ఎదిగే దారుల మీద అన్సాఫ్ అనే మేనేజ్‌మెంట్ పండితుడు 1957లో గీసిన నాలుగు గళ్ల పట్టిక. ఉన్న సరుకే ఉన్నవాళ్లకి ఇంకాస్త అమ్మడం, అదే సరుకు పట్టుకుని కొత్త చోటికి పోవడం, పాతవాళ్లకి కొత్త సరుకు చూపించడం, ఆఖరిది రెండూ కొత్తవే.

దేశం లోపల విమానమెక్కే నూరుమందిలో అరవైమందికి పైగా ఇండిగోలోనే ఎక్కుతున్నారు. 2006 ఆగస్టులో ఎగరడం మొదలెట్టిన కంపెనీ! ఇంకా ఎవరి దగ్గర లాక్కుంటుంది? పైగా 2023 జూన్‌లో ఒక్కసారే 500 ఎయిర్‌బస్సులకి ఆర్డరిచ్చింది. అవన్నీ దిగుతుంటే నింపే దారి చూసుకోవాలి. ఏళ్ల తరబడి అందరికీ ఒకటే రకం సీటన్నవాళ్లే 2024 నవంబరులో ఢిల్లీ–ముంబై మధ్య బిజినెస్ సీట్లు పెట్టారు. 2025 జూలైలో ముంబై నుంచి ఆమ్‌స్టర్‌డామ్, మాంచెస్టర్ కూడా వేశారు. ఒకటి కొత్త సరుకు గడి, రెండోది కొత్త చోటు గడి అని వాడికి చెప్పి రాసుకోమన్నాను.

మధ్యాహ్నం మా వీధి చివర ఉండే రిటైర్డు మాస్టారొచ్చారు. విశాఖ నుంచి బెంగళూరు వెళ్తున్నారు, కూతురి దగ్గరికి. పెట్టెతో పాటు గోనె సంచిలో పది కిలోల కాలాజీర బియ్యం. మన కోరాపుట్ బియ్యానికి 2024లో, ఈ నేల సరుకే అని చాటే జీఐ గుర్తింపు వచ్చాక అక్కడి చుట్టాలందరికీ అవే కావాలట. నా వేలాడే కాటాకి రెండూ కలిపి తగిలిస్తే ఇరవై ఒకటి దాటింది. టికెట్టుతో వచ్చేది పదిహేను.

"బియ్యానికి కూడా టికెట్టా బాబూ?"

ఎయిర్‌పోర్టులో కట్టేకంటే ముందే కడితే తక్కువ పడుతుందని చెప్పి, కొంత బియ్యం చేతిసంచిలోకి దింపించాను. అక్కడ ఏడు కిలోల దాకా ఫరవాలేదు. మిగతాదానికి డబ్బు కట్టారు. కిటికీ సీటుకి ఇంకొంత. భోజనం మాత్రం వద్దన్నారు, పులిహోర పట్టుకెళ్తారట.

మేనల్లుడి మొదటి గడి ఇదే. ఛార్జీ పెంచితే జనం పక్క కంపెనీకి పోతారు, పైపై డబ్బులకి గొణుక్కుంటూ కడతారు. కంపెనీలకి ఇందులో సిగ్గేం లేదు, నాకూ పెద్ద అభ్యంతరం లేదు. అమెరికాలో సౌత్‌వెస్ట్ అనే విమాన కంపెనీ 1971లో టెక్సాస్‌లోని మూడు ఊళ్ల మధ్య మొదలై, కోవిడ్ వచ్చేదాకా 47 ఏళ్లు వరసగా లాభం చూసింది. రెండు బ్యాగులు ఉచితం అన్నదే దాని గొప్ప. వాటాదారులు పీక మీద కూర్చుంటే 2025 మే 28 నుంచి అదీ వదులుకుంది. మా మాస్టారి సంచి సంగతి ఎంత!

సాయంత్రం వాడే మళ్లీ చేశాడు. "మన ఊరు ఏ గడిలోకి వస్తుంది మావయ్యా?" దేంట్లోకీ రాదు. ఇక్కడ 2022 అక్టోబరు 31న భువనేశ్వర్‌కి మొదలైంది తొమ్మిది సీట్ల బుల్లి విమానం, అదీ చిన్న ఊళ్లకి విమానాలు నడిపించే ఉడాన్ పథకంలో. ఆ పథకం కింద సీట్ల మీద వచ్చే లోటుని మూడేళ్లు ప్రభుత్వమే పూడుస్తుంది. పెద్ద కంపెనీలు నడిపేవాటిలో చిన్నదనుకునే ఏటీఆర్‌కే డెబ్భైకి పైగా సీట్లు. అన్నిటికీ రోజూ మనుషుల్ని ఎక్కడ తేను? మావాళ్లకి సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా పోయే బస్సే గతి.

ఇక వాడు ఎగబడి రాసింది, ఎదుటి కంపెనీని కొనేసి ఎదగడం. అక్కడ మాత్రం గట్టిగా చెప్పాను. 2007లో జెట్ 1,450 కోట్లకి సహారాని కొంది, అదే ఏడు కింగ్‌ఫిషర్ డెక్కన్‌లో వాటా కొంది. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ 2019లో ఆగిపోయాయి. కొనడం ఒక్కటే ముంచిందని అనను, ఇంధనం ఖర్చుంది, అప్పులున్నాయి. కానీ కొన్న కంపెనీతో పాటు దాని నష్టాలూ, జీతాల తగువులూ, వేరే రకం విమానాలూ ఇంటికొస్తాయి. విస్తారా 2024 నవంబరు 12న టాటాల ఎయిరిండియాలో కలిసింది, విస్తారాలోనూ టాటాలు ముందే సగానికి పైగా వాటాదారులు కాబట్టి ఆ లెక్క వేరు. ఇదంతా మొదటి పేజీలోనే పెట్టమన్నాను. "మా సారుకి విలీనాలంటే ఇష్టం మావయ్యా" అని నసిగాడు. మార్కులేసేది ఆయన, ఇక వాడిష్టం.