టోపీ మీద అక్షరం ఏమైంది?

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు మైక్ ట్రౌట్ ఫొటోతో వచ్చిన, జనం సేకరించుకునే కార్డులు రెండు, టాప్స్ కంపెనీది ఒకటి, పానిని కంపెనీది ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. మనిషి అతనే, కానీ పానిని కార్డ్‌లో హెల్మెట్ మీద అతని టీమ్ ఏంజెల్స్ వాళ్ల 'ఎ' అక్షరం ఉండదు, ఛాతీ మీద రాత ఉండదు, టీమ్ పేరు ఉండాల్సిన చోట ఊరి పేరు మాత్రం ఉంటుంది. మరి న్యూయార్క్‌కి రెండు టీమ్‌లు, ఉత్త న్యూయార్క్ అని ఉంటే యాంకీసా మెట్సా? ఆటగాడు తెలిస్తే సరే, లేదంటే డ్రెస్ రంగు చూసి ఊహించుకోవడమే. మావాడు అలాంటిది మొదటిసారి చూసి "నాన్నా ఇది డూప్లికేట్ కార్డా" అని అడిగాడు. డూప్లికేట్ కాదు, పక్కా ఒరిజినలే, కాకపోతే సగం పర్మిషన్‌తో వేసింది.

సంగతేంటంటే బేస్‌బాల్ కార్డ్ వేయాలంటే రెండు చోట్ల లైసెన్స్ కావాలి. ఆటగాళ్ల పేర్లు, ఫొటోలు వాడుకోవాలంటే ప్లేయర్ల యూనియన్ ఎమ్ఎల్‌బీపీఏ దగ్గరికి వెళ్లాలి, టీమ్ పేరు, లోగో, యూనిఫామ్‌కి లీగ్ (మేజర్ లీగ్ బేస్‌బాల్) దగ్గరికి వెళ్లాలి. 2010 నుంచి లీగ్ తన లైసెన్స్‌ని టాప్స్ ఒక్కదానికే రాసిచ్చేసింది. పానిని 2009లో డాన్‌రస్ అనే పాత కార్డుల కంపెనీని కొనుక్కుని, 2011లో యూనియన్ లైసెన్స్ తెచ్చుకుని దిగింది, అంటే ముఖం ఉంది టోపీ లేదు. మన క్రికెట్ 07 గేమ్ గుర్తుందా, లైసెన్స్ లేక ఇండియా ప్లేయర్ల పేర్లలో అక్షరాలు మార్చేసి పెట్టారు చూడండి, అక్కడ పేరు పోయింది, ఇక్కడ లోగో పోయింది, అంతే తేడా.

ఇక డిజైన్ చేసేవాళ్ల పాట్లు చూడాలి. ముందు ఫొటో దగ్గరే సగం పని. బ్యాట్ తిప్పాక చెయ్యి ఛాతీకి అడ్డం వచ్చిన ఫొటో, పక్కకి తిరిగిన ఫొటో, వీలైతే మెడ దగ్గరికి క్రాప్ చేసింది, ఇలాంటివి ఏరుకోవాలి. అప్పటికీ లోగో కనిపిస్తుంటే ఫొటోషాప్‌లో చెరిపెయ్యాలి, గుడ్డ మడతలు పాడవకుండా చెరిపితే పర్లేదు, తొందరలో చెరిపితే మాత్రం టోపీ మీద మసక మరక లాగా తెలిసిపోతుంది. పానిని వాళ్ల ప్రిజమ్ లాంటి సెట్లలో వెనక స్టేడియం అంతా లేపేసి మెరుపులు నింపడం కూడా కొంత ఇందుకేనేమో, కన్ను అటు పోతే టోపీ సంగతి ఎవడు చూస్తాడు (ఇది నా అనుమానమే, పైగా అదే ప్రిజమ్ మెరుపులు లైసెన్స్ ఉన్నప్పటి బాస్కెట్‌బాల్ కార్డుల్లోనూ ఉన్నాయి).

ఇది కొత్త తంటా కూడా కాదు. 1976లో చిప్స్ ప్యాకెట్లు వగైరాలతో ఎమ్ఎస్ఏ అనే కంపెనీ చేసిన గుండ్రటి కార్డులొచ్చాయి, వాటిలో అందరి టోపీలూ బోసిగానే ఉంటాయి, అప్పుడూ యూనియన్ పర్మిషన్ ఉంది, టీమ్‌ల పర్మిషన్ లేదు. దీనికి పూర్తిగా తలకిందుల కథ ఫ్లీర్ అనే ఇంకో కార్డుల కంపెనీది. కార్డులతో పాటు బబుల్‌గమ్ అమ్మే హక్కు టాప్స్‌దేనని 1981లో అప్పీల్ కోర్టు చెప్పేసరికి, ఫ్లీర్ వాళ్లు గమ్ తీసేసి ప్యాకెట్‌లో టీమ్ లోగో స్టిక్కర్లు పెట్టారు, డాన్‌రస్ వాళ్లేమో పాతకాలం స్టార్ ఆటగాడు బేబ్ రూత్ బొమ్మ పజిల్ ముక్కలు పెట్టారు. లోగోనే ఫ్లీర్‌ని బతికించింది!

అందరికంటే మొండిగా వెళ్లింది అప్పర్ డెక్ అనే కార్డుల కంపెనీ. 2010లో లీగ్ లైసెన్స్ పోయినా లోగోలు కనిపించే ఫొటోలతోనే కార్డులు దింపేశారు, లీగ్ కేసు వేసింది, నెల రోజుల్లోనే సెటిల్ అయిపోయింది. ఆ సెటిల్‌మెంట్ షరతులు డిజైనర్ కళ్లతో చదివితే భయమేస్తుంది: కొత్త సెట్లలో లోగోలు వద్దు, యూనిఫామ్‌లు వద్దు, టీమ్ కలర్ కాంబినేషన్లు కూడా వద్దు, పోనీ లోగో చెరిపి వేస్తాం అంటే అదీ కుదరదు. కార్డ్ చుట్టూ బోర్డర్ ఏ రంగు వెయ్యాలో కూడా లాయర్‌ని అడగాలన్నమాట!

నాకు ఈ మొత్తంలో నిజంగా నచ్చేవి డైమండ్ కింగ్స్ కార్డులు. 1982లో డాన్‌రస్ కోసం డిక్ పెరెజ్ గీసిన బొమ్మలతో మొదలయ్యాయి, ఆ పేరుని పానిని మళ్లీ బయటికి తీసింది. ఫొటోలో లోగో లేకపోతే ఏదో దాచినట్టు ఉంటుంది, అదే పెయింటింగ్ లాగా చేస్తే వెలితి అనిపించదు, అదంతా గీసినవాడి ఇష్టం అనుకుంటాం కదా. కానీ మార్కెట్‌కి ఇవేం పట్టవు, ఒకే ఆటగాడి రూకీ కార్డ్ (అంటే కొత్తగా వచ్చినప్పటి కార్డ్) లోగో ఉంటే ఒక రేటు, లేకపోతే బాగా తక్కువ రేటు, డిజైన్ ఎంత బాగున్నా సరే.

2021లో ఆటల సరుకులు అమ్మే ఫనాటిక్స్ కంపెనీ వచ్చి లీగ్ హక్కులూ యూనియన్ హక్కులూ రెండూ పట్టేసింది, 2022 జనవరిలో టాప్స్‌నే కొనేసింది. ఇప్పుడు లోగో దాచాల్సిన పని లేదు సరికదా, లోగోనే కోసి అమ్ముతున్నారు. 2023 నుంచి మొదటి మ్యాచ్ ఆడే ప్రతి కుర్రాడి జెర్సీకి ఒక డెబ్యూ ప్యాచ్ కుడుతున్నారు, మ్యాచ్ అయ్యాక దాన్ని ఊడదీసి, సంతకంతో సహా ఒకే ఒక్క కార్డ్‌లో పెడతారు. పాల్ స్కీన్స్ అనే కుర్ర పిచర్‌ (బంతి విసిరేవాడు)ది 2025 మార్చిలో వేలంలో 11.1 లక్షల డాలర్లు పలికింది. ఆ కార్డ్‌లో డిజైన్ ఎక్కడుందని వెతక్కండి, ఆ గుడ్డ ముక్కే డిజైన్.